దేశం కంటే వయసులో పెద్ద ఉద్యోగులు: దిలీలో మా కాపురం, నా కొలువు

తూర్పు తిమోర్ వెళ్తున్నామని చెప్పగానే మా బంధువుల్లో సగం మంది "అది ఆఫ్రికాలోనా?" అని అడిగారు. కాదు. ఇండోనేషియా దీవుల వరసలోని తిమోర్ దీవి తూర్పు సగంలో, ఆస్ట్రేలియాలోని డార్విన్ నుంచి విమానంలో గంటన్నర కూడా పట్టని దూరంలో ఉంది. అధికారిక పేరు తిమోర్-లెస్తె, రాజధాని దిలీ. 2022 జనాభా లెక్కల ప్రకారం దేశం మొత్తం కలిపి 13.4 లక్షల మంది, అంటే మన విశాఖపట్నం జనాభా కంటే తక్కువ. ఈ శతాబ్దంలో ఏర్పడ్డ మొదటి కొత్త దేశం ఇదే. 2002 మే 20న స్వాతంత్ర్యం వచ్చింది.

మావారు సివిల్ ఇంజనీరు. అక్కడ రోడ్డు పనుల్లో ఉద్యోగం వచ్చి ముందు ఆయన వెళ్ళారు. ఇల్లు కుదిరాక పిల్లలిద్దరినీ తీసుకుని నేను వెళ్ళాను. నేను అకౌంటెంట్‌ని. దిగిన కొన్ని నెలలకి భవన నిర్మాణ సామాను దిగుమతి చేసే ఒక కంపెనీలో నాకూ ఉద్యోగం దొరికింది. ఇలాంటి దేశానికి కుటుంబంతో వెళ్తే ఎలా ఉంటుందని చాలామంది అడుగుతుంటారు. ఇళ్ళు, వీసాలు, సరుకులు, అన్నీ చెప్తాను. కానీ ఆ దేశం నాకు నిజంగా అర్థమైంది మాత్రం నా ఆఫీసు బల్ల మీది జీతాల రిజిస్టర్ వల్ల. అందుకే దాని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

వీసా సంగతి త్వరగా చెప్పేస్తాను. మేం వెళ్ళినప్పుడు మన పాస్‌పోర్టు మీద దిలీ విమానాశ్రయంలోనే 30 డాలర్లు కట్టి 30 రోజుల సందర్శక వీసా తీసుకున్నాం. ఉద్యోగ వీసాకి ఆ తర్వాత కంపెనీ తరఫున దరఖాస్తు పెట్టారు. కాగితాలు పోర్చుగీసులోకి అనువాదం చేయించాలి, పోలీసు సర్టిఫికెట్, వైద్య పరీక్ష కావాలి, ఓపిగ్గా తిరగాలి. రూలు పుస్తకంలో ఉంటుంది కానీ దాన్ని ఇదివరకు చేసి చూసిన ఉద్యోగి ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్ళు సెలవులో ఉంటే పని ఆగుతుంది. మొదట్లో విసుగొచ్చేది. ఆ ఆఫీసుల్లో చాలా పనులు మొదటి తరం వాళ్ళు మొదటిసారి చేస్తున్నవని అర్థమయ్యాక నా గొంతులో కటువు తగ్గింది.

డబ్బు అమెరికన్ డాలర్లు. చిల్లరకి మాత్రం వాళ్ళ సొంత నాణేలున్నాయి, సెంతావో అంటారు. నగరంలో తిరగడానికి మైక్రోలెట్ అనే చిన్న వ్యాన్లు. వెనక రెండు వైపులా బెంచీలు, లోపల చెవులు దద్దరిల్లే పాటలు, ద్వారంలో వేలాడుతూ కుర్రాళ్ళు. దిగాల్సిన చోటు వస్తే ఎవరూ కేకెయ్యరు. చేతిలో ఉన్న 25 సెంతావో నాణేన్ని పైన ఇనుప కడ్డీకి టకటకా కొడతారు. అంత హోరులోనూ డ్రైవరు ఆ చప్పుడు విని ఆపుతాడు. దిగి ముందుకెళ్ళి ఆ నాణెమే అతని చేతిలో పెట్టడమే. మా అమ్మాయి ఆ కడ్డీ కొట్టే అవకాశం కోసం తమ్ముడితో పోట్లాడేది.

ఇక రిజిస్టర్. నేను చేరేసరికి కంపెనీలో గోడౌన్ మనుషులు, డ్రైవర్లు, కౌంటర్ అమ్మాయిలు, అందరూ తిమోర్ వాళ్ళే. జీతాల లెక్క పైకి తేలికే. నెలకి 500 డాలర్ల దాకా పన్ను లేదు, ఆపైన ఉన్నదానికి 10 శాతం. అది నెల తిరిగాక 15వ తేదీ లోపు కట్టాలి. 2017లో సామాజిక భద్రత పథకం మొదలైంది. ఉద్యోగి జీతంలోంచి 4 శాతం, యజమాని 6 శాతం జమ చేస్తారు. దేశ చరిత్రలో ప్రైవేటు ఉద్యోగికి పింఛను అనే మాట అక్కడే మొదలు. అందరి నమోదూ సక్రమంగా ఉందో లేదో చూసే పని నాకు అప్పగించారు. మనిషికో అరగంట చాలనుకున్నాను.

గోడౌన్ చూసే పెద్దాయన ఒకాయన ఉండేవారు. యాభై దాటిన మనిషి, బక్కపలచగా, చాలా తక్కువ మాట్లాడేవారు. ఆయన్ని నేను 'తియు' అని పిలిచేదాన్ని, బాబాయి అన్నట్టు. కాగితాలు తెమ్మంటే ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి నా బల్ల మీద ఒక్కొక్కటే పరిచారు. చర్చి ఇచ్చిన బాప్తిస్మ పత్రం, ఓటరు కార్డు, ఇండోనేషియా కాలంనాటి బడి సర్టిఫికెట్. దాని మూలలు కాలి గోధుమ రంగుకి తిరిగి ఉన్నాయి. మూడింటిలో మూడు పుట్టిన సంవత్సరాలు. పేరు కూడా ఒకదానిలో పోర్చుగీసు పద్ధతిలో, ఇంకోదానిలో ఇండోనేషియా పద్ధతిలో రాసి ఉంది.

"తియు, వీటిలో ఏది నిజం?" అని అడిగాను.

"మొక్కజొన్న విత్తే రోజుల్లో పుట్టానని మా అమ్మ చెప్పేది. ఏ ఏడో ఆమెకి తెలీదు. ఫాదర్ మా కొండ మీదికి వచ్చినప్పుడు బాప్తిస్మం ఇచ్చారు" అన్నారు.

"మరి ఈ కాలిన మరక?"

"99."

అంతకంటే ఏమీ చెప్పలేదు. మిగతాది తర్వాత ఇతరుల ద్వారా తెలిసింది. 1975 నవంబరు 28న పోర్చుగల్ పాలన నుంచి స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. పది రోజులు తిరక్కుండానే, డిసెంబరు 7న, ఇండోనేషియా సైన్యం దిగింది. 24 ఏళ్ళ తర్వాత, 1999 ఆగస్టు 30న ఐక్యరాజ్యసమితి జరిపిన ఓటింగ్‌లో 78.5 శాతం మంది విడిపోతామన్నారు. ఆ కోపంతో ఇండోనేషియా పక్షాన ఉన్న సాయుధ ముఠాలు ఇళ్ళూ బళ్ళూ ఆఫీసులూ తగలబెట్టాయి. పుట్టుక రిజిస్టర్లూ భూమి కాగితాలూ వాటితోపాటే పోయాయి. మా కంపెనీలో నలభై దాటిన వాళ్ళలో చాలామంది కవర్లు ఇలాగే ఉండేవి. పేర్లలో ఒక అక్షరం తేడా, పుట్టిన తేదీలో ఏడాది తేడా, ఉన్న ఒక్క పత్రం కాలి సగమే మిగలడం. మనకి ఆధార్ కార్డులో తప్పు పడితే సరిచేయించడానికి పాత పత్రం ఉంటుంది. వీళ్ళకి ఆ పాత పత్రమే బూడిదయింది.

తియు విషయంలో బాప్తిస్మ పత్రాన్నే ఆధారం చేసుకున్నాం. ఆయన కొండ ఊరికి వెళ్ళి చర్చి పుస్తకంలోంచి కొత్త నకలు రాయించుకొచ్చారు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో దాన్ని పట్టి పేరూ తేదీ సరిచేయించుకున్నారు, ఆ తర్వాత గుర్తింపు కార్డు, ఆ తర్వాత పథకంలో నమోదు. నెలలు పట్టింది. నమోదు సంఖ్య వచ్చిన రోజు ఆ కాగితాన్ని చాలాసేపు చదివి, మడతపెట్టి అదే ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్నారు. నా ఉద్యోగ జీవితంలో నాకు బాగా తృప్తినిచ్చిన పని అదేనని చెప్పగలను.

రిజిస్టర్‌లో అడ్వాన్సుల గడి ఇంకో పాఠం. అక్కడ మనిషి చనిపోతే ఏడాది పాటు దగ్గరివాళ్ళు దుఃఖ చిహ్నంగా నల్లగుడ్డ ధరిస్తారు. ఏడాది నిండాక 'కొరె మెతాన్' అని చేస్తారు. బంధువులంతా కూడి ఆ నల్లగుడ్డ తీసేస్తారు, రాత్రంతా భోజనాలూ డాన్సులూ. పెళ్ళిళ్ళకైనా కర్మలకైనా ఆడపిల్ల తరఫువాళ్ళు ఏమివ్వాలో మగపిల్లాడి తరఫువాళ్ళు ఏమివ్వాలో తరాలనాటి లెక్క ఉంటుంది. గేదె, పంది, బియ్యం బస్తాలు, 'తాయిస్' అనే చేనేత గుడ్డ. నెలకి 115 డాలర్ల కనీస వేతనం మీద బతికే మనిషికి అది చిన్న భారం కాదు. అడ్వాన్సు అడిగేవాళ్ళలో సగం మంది ఇందుకే అడిగేవారు.

కంపెనీలో కొందరు దీన్ని దుబారా అనేవారు. నేనలా అనుకోను. బ్యాంకూ బీమా ఎరగని కాలంలో, అడవుల్లో దాక్కుని తిరిగిన రోజుల్లో, ఒకరికొకరు నిలబడ్డది ఈ ఇచ్చిపుచ్చుకోవడాల మీదే. ఇవాళ ఇవ్వనివాడు రేపు తన ఇంట్లో కష్టం వస్తే ఎవరి ముఖం చూడాలి? మన ఊళ్ళలో పెళ్ళి చదివింపులు పుస్తకంలో రాసిపెట్టుకుని తిరిగి చదివించడం ఎరిగినవాళ్ళకి ఇది కొత్త కాదు. అందుకని అడ్వాన్సు ఆపడం బదులు పద్ధతి పెట్టాం. సగం జీతం దాకా ఇవ్వడం, నెలనెలా కొద్దికొద్దిగా పట్టుకోవడం, ముందే తెలిసిన కొరె మెతాన్ తేదీలు నాకు ఏడాది మొదట్లోనే చెప్పడం. చట్ట ప్రకారం డిసెంబరు 20 లోపు ఒక నెల జీతం అదనంగా ఇవ్వాలి, పదమూడో నెల జీతం అంటారు. పెద్ద ఖర్చుల్ని చాలామంది దాని దగ్గరికి జరుపుకున్నారు.

ఈ పనంతటిలో నాకు కుడిభుజం ఒక అమ్మాయి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే పుట్టింది. నన్ను 'మానా' అనేది, అక్కా అన్నట్టు. నేనూ అలాగే పిలిచేదాన్ని, అక్కడ వయసుతో పని లేకుండా ఆడవాళ్ళు ఒకరినొకరు అలా పిలుచుకుంటారు. మొదట్లో ఏది చెప్పినా తలూపేది, ప్రశ్న అడిగేది కాదు. ఇంట్లో ఒక భాష, వీధిలో తెతుమ్, బడి పుస్తకాలు పోర్చుగీసులో, టీవీ ఇండోనేషియాలో, మా ఎక్సెల్ ఇంగ్లీషులో. ఆ పిల్ల తెలివికి లోటు లేదు, ఐదు భాషల మధ్య నలిగిపోయింది. ఒక నోటు పుస్తకం కొనుక్కుని ప్రతి పనినీ మెట్టుమెట్టుగా తెతుమ్‌లో రాసుకోవడం మొదలుపెట్టింది. బ్యాంకు లెక్కకీ మన లెక్కకీ పొంతన చూడటం, పన్ను ఫారంలో ఏ గడిలో ఏమి నింపాలి, తేడా వస్తే ముందు ఎక్కడ వెతకాలి. నా తెతుమ్ కూడా ఆ పుస్తకం వల్లే బాగుపడింది.

ఇంటి సంగతికొస్తే, కరెంటు మీటరుకి ఫోనులాగే ముందే రీఛార్జ్ చేయాలి. నీళ్ళకి ట్యాంకు, అది నిండకపోతే ట్యాంకరు. వేసవి అనేది వేరుగా లేదు, వానల కాలం, వానలు లేని కాలం, అంతే. దిలీ చుట్టూ ఉన్న కొండలు ఒక సగం ఏడాది మట్టి రంగులో, ఇంకో సగం పచ్చగా ఉంటాయి. తిండికి మేం ఇబ్బంది పడలేదు. చింతచెట్లు ఎక్కడ పడితే అక్కడే. మునగాకు వాళ్ళూ వండుతారు, బజారులో కట్టలు కట్టి అమ్ముతారు. మొక్కజొన్నతో కలిపి వండుకునే పెసలు దొరుకుతాయి కాబట్టి మా ఇంట్లో పెసరట్టు మానలేదు. ఐలెవు, మౌబిస్సె కొండల నుంచి కూరగాయలొస్తాయి. టమాటాలూ మిరపకాయలూ కిలోల్లెక్కన కాదు, చిన్న చిన్న కుప్పలుగా పేర్చి కుప్ప ఇంత అని అమ్ముతారు. సాయంత్రం సముద్రం పక్క రోడ్డు మీద చేపలు కావడికి వేలాడదీసుకుని తిరుగుతారు. కందిపప్పు, ఆవాలు, ఇంగువ మాత్రం ఇండియా నుంచి తెచ్చుకోవాల్సిందే.

ఆదివారాలు అరెయా బ్రాంకా తీరానికి పోయేవాళ్ళం. పైన కొండ కొమ్మున క్రీస్తు విగ్రహం. తిమోర్‌ని ఇండోనేషియా తన 27వ రాష్ట్రంగా లెక్కించిన రోజుల్లో కట్టింది కాబట్టి 27 మీటర్ల ఎత్తు పెట్టారట. ఇప్పుడది ఈ దేశపు సొంత గుర్తు. అక్కడ నీళ్ళలోకి దిగేముందు ఊరివాళ్ళని అడగాలి. మొసళ్ళు నిజంగానే వస్తాయి. ఈ దీవే ఒకనాడు మొసలి అని వాళ్ళ కథ, అందుకే దాన్ని తాతయ్య అని పిలుస్తారు, చంపరు.

నాకు నిజంగా భయం వేసింది ఒక వానాకాలంలో మా అమ్మాయికి డెంగ్యూ వచ్చినప్పుడు. మలేరియా విషయంలో ఈ దేశం గొప్ప పని చేసింది, 2025 జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మలేరియా లేని దేశమని ధ్రువీకరించింది. డెంగ్యూ మాత్రం వానలతోపాటే వస్తుంది. జ్వరం మూడు రోజులు దిగలేదు. ఆసుపత్రిలో చూసిన డాక్టరు తిమోర్ అమ్మాయి, వైద్యం చదివింది క్యూబాలో. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో డాక్టర్లు వేళ్ళమీద లెక్కపెట్టేంత మందే ఉంటే, క్యూబా వందల మంది పిల్లల్ని చదివించి పంపింది. ఆమె చాలా స్పష్టంగా చెప్పింది. పారాసిటమాల్ ఒక్కటే ఇవ్వాలి, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ ముట్టుకోవద్దు, రక్తస్రావం అవుతుంది. జ్వరం దిగిందని సంబరపడొద్దు, అసలు ప్రమాదం ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లోనే. కడుపునొప్పి, ఆగని వాంతులు, మగతగా పడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా తీసుకురండి. రోజూ రక్తపరీక్ష. ప్లేట్‌లెట్లు పడిపోతున్న రెండు రోజులూ మావారు డార్విన్‌కి తీసుకెళ్ళాలంటే ఏం చేయాలో కనుక్కుంటూనే ఉన్నారు. అంత అవసరం రాలేదు.

ఆ రోజుల్లో పక్కింటి అవ్వ, వాళ్ళు 'అవో' అంటారు, రోజూ కొబ్బరిబోండాం కొట్టించి పంపేది. ఆమె మనవలూ మా పిల్లలూ ఒకటే జట్టు. పెద్దవాళ్ళు ఎదురుపడితే చెయ్యి అందుకుని ముద్దుపెట్టుకోవడం మావాళ్ళకి వాళ్ళ దగ్గరే అలవాటయింది. బడి ఇంగ్లీషులో, ఆటలు తెతుమ్‌లో, ఇంట్లో తెలుగు. ఇండియా కంటే మూడున్నర గంటలు ముందు కాబట్టి రాత్రి తొమ్మిదికి మేం ఫోను చేస్తే అమ్మ వాళ్ళకి సాయంత్రం ఐదున్నర. 2024 చివర్లో స్టార్‌లింక్ ఉపగ్రహ ఇంటర్నెట్ వచ్చాక వీడియో తెగిపోవడం తగ్గింది, తెలుగు చదివించే బాధ్యత మా అమ్మ తీసుకుంది.

నవంబరు 12 సాయంత్రం ప్రతి ఇంటి ముందూ రోడ్డు అంచున కొవ్వొత్తులు వెలుగుతాయి. 1991లో అదే రోజున సాంతా క్రూజ్ శ్మశానంలో ఊరేగింపుగా వచ్చిన యువకుల మీద ఇండోనేషియా సైన్యం కాల్పులు జరిపింది. 250 మందికి పైగా చనిపోయారని లెక్క. ఇప్పుడది జాతీయ యువజన దినం. మా అమ్మాయి ఎందుకని అడిగితే అవో తన తమ్ముడి ఫోటో చూపించి, "వీడికి" అంది. ఆ రోజు నుంచి మేం కూడా గేటు ముందు వెలిగిస్తున్నాం.

ఇండియా 2023లో దిలీలో ఎంబసీ తెరుస్తామని ప్రకటించింది, 2024 ఆగస్టులో రాష్ట్రపతి ముర్ము వచ్చారు. అంతకుముందు ఇక్కడి మనవాళ్ళ వ్యవహారాలు జకార్తాలోని మన ఎంబసీయే చూసేది. 2025 అక్టోబరులో తిమోర్ ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌లో 11వ సభ్యదేశమైంది. ఆ వారమంతా ఆఫీసులో ఒకటే చర్చ, ధరలు తగ్గుతాయా, ఉద్యోగాలు వస్తాయా అని. ఉద్యోగాలే అసలు సమస్య. పిల్లలు చదువు ముగిస్తారు, పని ఉండదు. ఆస్ట్రేలియా తోటల్లో సీజన్ పనికి, కొరియా ఫ్యాక్టరీలకి వెళ్ళడానికి వరస కడతారు. మన జిల్లాల నుంచి గల్ఫ్‌కి వెళ్ళినట్టే.

ఆఫీసులో నా కుడిభుజమైన ఆ అమ్మాయీ వెళ్ళింది. ఆస్ట్రేలియాలో పండ్ల తోట పనికి ఎంపికైంది. అక్కడ కొన్ని వారాల కూలీ ఇక్కడ ఏడాది జీతంతో సమానం, కింద చదువుకునే తమ్ముళ్ళున్నారు. ఆపడానికి నాకు నోరు రాలేదు. ఆపాలనీ అనిపించలేదు, బాధ మాత్రం వేసింది. వెళ్ళేముందు తన చోట చేరిన కుర్రాడిని పక్కన కూర్చోబెట్టుకుని పుస్తకంలోని ప్రతి పేజీ వివరించింది.

రాదలుచుకున్నవాళ్ళకి ఒకటి రెండు మాటలు. డాలర్లు కొత్త నోట్లు తెచ్చుకోండి, చిరిగినవీ మరీ పాతవీ తీసుకోరు. సర్టిఫికెట్ల నకళ్ళు ఎక్కువే పెట్టుకోండి. తెతుమ్ ముందే కొంచెం నేర్చుకోండి, కష్టమైన భాష కాదు, పోర్చుగీసు తర్వాత చూసుకోవచ్చు. దోమతెరలు మర్చిపోవద్దు. 1999 గురించి ఎవరినీ మీరై అడగొద్దు. వాళ్ళు చెప్తే కూర్చుని వినండి.

కొత్త కుర్రాడు ఇప్పుడు 15వ తేదీ లోపు పన్ను ఫారం తానే నింపుతున్నాడు. ఈ డిసెంబరు పదమూడో నెల జీతాలు కూడా అతనే లెక్కగట్టాడు. తియు పేరు దగ్గర అడ్వాన్సు రెండు కిస్తీలు మిగిలి ఉంటే అందులో పట్టుకోకుండా జనవరికి జరిపాడు, మార్జిన్‌లో కారణం రాశాడు: కొరె మెతాన్. నేను మొత్తాలు సరిచూసి సంతకం పెట్టాను.